జక్కయ్య వేసిన లెక్క

బైబిల్లోని జక్కయ్య అనగానే పొట్టి మనిషి, యేసును చూడటానికి అతనెక్కిన మేడి చెట్టు గుర్తొస్తాయి. సండే స్కూల్లో కథ దాదాపు అక్కడే ఆగిపోతుంది. చెట్టు దిగాక అతను యేసుతో అన్న మాట మాత్రం లూకా సువార్త 19:8లో ఉంది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు.

ఇవి రెండు వేర్వేరు పద్దులు. సగం దానం, నాలుగంతలు బాకీ. అతని ఆస్తి 800 దేనారాలు (ఆనాటి వెండి నాణేలు) అనుకోండి. 400 బీదలకు పోయాయి. అన్యాయపు సొమ్ము అందులో 100 ఉందంటే, నాలుగంతలు కట్టేసరికి మిగతా 400 కూడా ఖాళీ. ఎనిమిదో వంతు చాలు, యెరికో పట్టణంలో సుంకపు గుత్తదారుడైన (పన్ను వసూళ్ల పెద్ద) జక్కయ్య వట్టి చేతులతో మిగలడానికి. (అతని ఇంటికొస్తానని యేసు ముందే అన్నాడు. లెక్క ఆ తర్వాతే తేలింది.)

మోషే ధర్మశాస్త్రం ఇంత అడగలేదు. తప్పు తనే ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి, అంటే 100కి 120 ఇవ్వాలి (సంఖ్యాకాండము 5:7). నాలుగంతలు గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో అమ్మేసినవాడికో పడే శిక్ష (నిర్గమకాండము 22:1). జక్కయ్య తనంతట తానే వెళ్లి ఆ దొంగ పక్కన నిలబడ్డాడు. ఈ వచనంలో దీనమనసు కనిపించేది అక్కడే.

వరుస కూడా ముఖ్యం. లేవీయకాండము 6:5-6లో సొమ్ము ముందు సొంతదారుడికి, అపరాధ బలి పొట్టేలు తర్వాత యాజకుడికి. మత్తయి 5:23-24దీ అదే వరుస: ముందు సోదరుడితో సమాధానపడటం, తర్వాతే కానుక. మనం తిరగేస్తాం: కూలి ఎగ్గొట్టిన డబ్బులోంచి కానుక పెట్టెలో వేసి, మనసు తేలికైందంటాం. కూలివాడికి మాత్రం పైసా ముట్టదు. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారం ఆ కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇవ్వాల్సింది.

తిరిగిచ్చేటప్పుడు ఎంత, ఎప్పటిది, ఎందుకు ఆపామో నోటితో చెప్పాలి. "ఏదైనా పొరపాటు జరిగుంటే క్షమించు" అంటే ఒప్పుకున్నట్టు కాదు. అన్నిటికంటే అన్యాయం, ఆ బాకీనే సహాయమని చెప్పి కవరులో పెట్టి ఇవ్వడం. పాపం ఆ కూలివాడు తన డబ్బుకే మనకు దండం పెట్టాలి. అక్కడికక్కడే క్షమించెయ్యమని ఒత్తిడి పెట్టడమూ తగదు.

సొంతదారుడు చనిపోతే? రక్తసంబంధికి ఇవ్వాలి. అలాంటివాడు ఎవరూ లేనప్పుడే అది యెహోవాదై యాజకుడికి చేరుతుంది (సంఖ్యాకాండము 5:8).