క్రాస్ స్టిచ్ బట్ట మీద గళ్ల గీతలు

క్రాస్ స్టిచ్ (గళ్లు లెక్కపెడుతూ X ఆకారంలో వేసే కుట్టు) చార్టులో, అంటే గళ్ల మీద గీసిన డిజైన్ కాగితంలో, సాధారణంగా ప్రతి 10 గళ్లకూ ఒక లావు గీత ఉంటుంది. లెక్క తప్పకుండా బట్ట మీద మనం ముందే వేసుకునే గీతలు కూడా సరిగ్గా అక్కడే పడాలి. చాలామంది బట్టను నాలుగు మడతలు పెట్టి, మధ్యలో మొదటి గీత వేసేసి, అక్కణ్ణుంచి పదేసి లెక్కపెట్టుకుంటూ పోతారు. గీతలు నీటుగానే వస్తాయి, చార్టుతో మాత్రం కలవవు.

డిజైన్ 126 గళ్ల వెడల్పు, 90 గళ్ల ఎత్తు అనుకుందాం. మధ్య బిందువు 63, 45 దగ్గర పడుతుంది. లావు గీతలేమో 60, 40 దగ్గర ఉంటాయి. కాబట్టి మధ్యలో గుండుసూది గుచ్చి, ఎడమకు 3 గళ్లు జరిగి మొదటి నిలువు గీత, పైకి 5 గళ్లు జరిగి మొదటి అడ్డ గీత వేయాలి. 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్లు వచ్చేలా నేసిన బట్ట) మీద ఈ డిజైన్ 9 అంగుళాల వెడల్పు, సుమారు ఆరున్నర అంగుళాల ఎత్తు వస్తుంది. చుట్టూ మూడేసి అంగుళాలు వదులుకోండి. 28 కౌంట్ (అంగుళానికి 28 పోగుల) లినెన్ మీద రెండేసి పోగులకు ఒక కుట్టు చొప్పున కుట్టినా ఇదే కొలత, కానీ గీతకూ గీతకూ మధ్య 20 పోగులు లెక్కపెట్టాలి. చార్టు రెండు మూడు పేజీలుంటే, పేజీ అంచున బూడిద రంగులో మళ్లీ వచ్చే వరుసల్ని రెండోసారి లెక్కలో కలపకండి.

నీళ్లకు పోయే నీలం పెన్ను త్వరగా పని తెముల్చుతుంది. గీత రంధ్రాల వెంబడే పోవాలి, గడి మీద కాదు. అసలు ఇబ్బంది చివర్లో వస్తుంది: గీతలు పోకముందే ఇస్త్రీ పెడితే ఆ రంగు పట్టేసి ఇక వదలకపోవచ్చు. తడిగుడ్డతో అద్దితే రంగు పక్కకు పాకి, ఆరాక మళ్లీ తేలుతుంది. సబ్బు లేకుండా, చల్లటి నీళ్లలో బట్ట మొత్తం ముంచి జాడించాలి. ఊదా రంగులో ఉండే గాలికి చెరిగే పెన్ను ఒకటి రెండు రోజుల్లోనే మాయమవుతుంది, పెద్ద డిజైన్‌కు పనికిరాదు. వేడికి చెరిగే పెన్ను గీత ఫ్రీజరంత చలి తగిలితే తిరిగి కనబడుతుంది, ముదురు బట్ట మీద తెల్లటి చార కూడా మిగల్చవచ్చు. పెన్సిల్ జోలికి పోవద్దు, లేత దారాలు మాసిపోతాయి.

నెలల తరబడి సాగే పనికి నా ఓటు దారానికే. అదీ నూలు దారం కాదు, గాలానికి వాడే సన్నటి రంగు నైలాన్ దారం. నూలు దారాన్ని కుట్టే సూది చీల్చుకుని వెళ్లిపోతుంది. తర్వాత లాగితే కుట్లు కూడా లేస్తాయి. నైలాన్‌ను మొద్దు సూది చీల్చలేదు.

ఐడా మీద ప్రతి గీతనూ పైన 3, కింద 2 గళ్ల చొప్పున రన్నింగ్ స్టిచ్‌తో (సూదిని పైకీ కిందికీ పోనిస్తూ వేసే మామూలు కుట్టు) వేయండి. ఇలా రెండుసార్లు వేస్తే 10 గళ్లు పూర్తవుతాయి, దారం పదో గడి అంచు రంధ్రంలోంచి పైకొస్తుంది. నిలువు, అడ్డ గీతలు కలిసే ప్రతిచోటా రెండు దారాలూ ఒకే రంధ్రంలోంచి రావాలి. రాకపోతే అంతకుముందు పదిలోనే తప్పు ఉంది, అక్కడే విప్పి సరిచేయండి. చివర్లు ముడేయకుండా రెండేసి అంగుళాలు వదిలి, బట్ట వెనక టేపుతో అంటించండి. కుట్టు మొత్తం అయ్యాక టేపు తీసి, పొడవైన గీతల్ని మధ్యలో ఒకచోట కత్తిరించి, రెండు చివర్ల నుంచీ మెల్లగా లాగితే వచ్చేస్తాయి.