చెన్నై ఎండల్లో ఫోన్ బ్యాటరీ

రాత్రి ఛార్జింగ్ పెట్టిన ఫోన్‌ను తెల్లవారేదాకా తీయకపోతే బ్యాటరీ ఉబ్బుతుందని వేళచ్చేరిలోని మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లు చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజం ఉంది. నిండిన తరవాత కూడా కరెంటు ఎక్కుతూనే ఉంటుందనుకోవడం సరికాదు. నిండిన బ్యాటరీని గంటల తరబడి వేడిలో ఉంచడం మాత్రం హానికరమే, చెన్నైలో మరీను.

మనం ఛార్జర్ అని పిలిచేది కరెంటు అందించే అడాప్టర్ మాత్రమే. ఎంత తీసుకోవాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించే సర్క్యూట్ ఫోన్ లోపల ఉంటుంది. అది లిథియం అయాన్ బ్యాటరీకి మొదట నిలకడగా కరెంటు పంపి, వోల్టేజి పాత బ్యాటరీల్లో 4.2 వోల్టులకు, ఇప్పటి చాలా ఫోన్లలో 4.4 వోల్టుల ప్రాంతానికి చేరగానే దాన్ని అక్కడే నిలుపుతుంది. అప్పటినుంచి కరెంటు క్రమంగా తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోతుంది. మొదటి సగం చకచకా నిండిన ఫోన్ చివరి 20 శాతం దగ్గర బద్ధకించడానికి కారణం ఇదే.

అయితే నిండిన బ్యాటరీలో వోల్టేజి ఎక్కువగా ఉంటుంది కాబట్టి లోపలి ద్రవం (ఎలక్ట్రోలైట్) రెండు ధ్రువాలతో (ఎలక్ట్రోడ్లతో) నెమ్మదిగా చర్య జరుపుతూ ఉంటుంది, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ చర్య వేగం పుంజుకుంటుంది. దానివల్ల పనికొచ్చే లిథియం తరిగిపోతుంది. కొన్నిసార్లు వాయువులు పుట్టి బ్యాటరీ ఉబ్బుతుంది కూడా. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడమని ఆపిల్ చెబుతుంది. అగ్ని నక్షత్రం అని ఇక్కడ పిలిచే మే నెల మండుటెండల రోజుల్లో మన మధ్యాహ్నాలు ఆ హద్దును సునాయాసంగా దాటేస్తాయి.

బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ చూసుకుంటూ, పవర్ బ్యాంకు తగిలించి ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లకు ఎండతో పాటు స్క్రీన్, జీపీఎస్, ఛార్జింగ్ వేడి కూడా తోడవుతుంది. నెల్లూరు నుంచి వచ్చి ఆ పని చేస్తున్న మా బంధువుల అబ్బాయి ఒకసారి, “అన్నా, మధ్యాహ్నమైతే ఛార్జింగ్ ఎక్కడం లేదు, పిన్ను పోయినట్టుంది” అన్నాడు. రిపేరు కోసం ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లే ముందు ఫోన్‌ను కాసేపు నీడలో ఉంచి చూడమన్నాను. చల్లబడగానే ఛార్జింగ్ మామూలుగానే ఎక్కింది. వేడిని పసిగట్టిన ఫోన్ తన రక్షణ కోసం తానే ఆపుకుంది. ఫ్రిజ్‌లో పెట్టే ఆలోచన మాత్రం వద్దన్నాను, తేమ చేరితే అది కొని తెచ్చుకున్న తద్దినమే.

80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఐఫోన్ 15లోనూ, అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది. రోజంతా ఆఫీసు ఏసీలో ఉండే నాలాంటివాళ్లు దాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. డెలివరీ పనిలో ఉన్నవాళ్లకు ఆ సలహా ఇవ్వడం అన్యాయం, ఎందుకంటే సాయంత్రానికి వాళ్ల ఫోన్ ఆగిపోతే ఆ పూట సంపాదన పోతుంది. వాళ్లు పొద్దున్నే పూర్తిగా నింపుకుని బయలుదేరి, భోజనానికి ఆగినప్పుడు కవర్ తీసి, నీడలో ఛార్జింగ్ పెట్టుకోవడం మేలు. అంత తీరిక లేనప్పుడు స్క్రీన్ ఆపేసి, మ్యాప్ చెప్పే దారిని చెవిలో వింటూ వెళ్లినా ఫోన్ మీద వేడి భారం కొంత తగ్గుతుంది.