నాన్ లోకల్ మెండలీవ్

ఏడో తరగతి సైన్స్ ప్రాజెక్టుకి మా అమ్మాయి మెండలీవ్‌ని ఎంచుకుంది, మూలకాల పట్టిక (పీరియాడిక్ టేబుల్) వేసిన రష్యన్ శాస్త్రవేత్తని. చార్టు మీద 1869 అని పెద్దగా రాసి, అప్పటికి తెలిసిన 63 మూలకాలకి గళ్లు గీస్తోంది. మధ్యలో కొన్ని ఖాళీగా వదలాలి, అసలు సంగతంతా అక్కడే ఉంది. ఎవరికీ దొరకని మూలకాలు ఆ గళ్లలో ఉంటాయనీ, వాటి బరువు ఇంత, గుణం ఇదనీ ఆయన ముందే చెప్పేశాడు. ఆయన ఏక-అల్యూమినియం అని పెట్టుకున్నది 1875లో గాలియం పేరుతో దొరికింది. కనిపెట్టిన ఫ్రెంచాయన సాంద్రత 4.7 అంటే, కాదు, 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ కొలవమన్నాడు మెండలీవ్. ఆ లోహాన్ని కంటితో చూడకుండానే! బాగా శుద్ధి చేసి కొలిస్తే నిజంగానే 5.9 వచ్చింది.

ఖమ్మం నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ ఇదంతా విని, "బానే ఉంది గానీ, ఆ పిల్లాణ్ణి చదివించిందెవరే?" అంది.

ముగ్గురం కలిసి వెతికాం. సైబీరియాలోని టోబోల్స్క్‌లో 1834లో పుట్టాడు, ఇంట్లో ఆఖరివాడు. ఆ ఏడే తండ్రికి చూపు పోయి, ఉద్యోగమూ పోయింది. తల్లి మరియా పుట్టింటివాళ్ల గాజు ఫ్యాక్టరీ నడుపుతూ సంసారం లాక్కొచ్చింది. 1847లో భర్త పోయాడు, మరుసటేడు ఫ్యాక్టరీ తగలబడింది. 1849లో కొడుకునీ ఓ కూతుర్నీ వెంటబెట్టుకుని, రైలన్నది లేని దారిలో, రెండు వేల కిలోమీటర్లు దాటి మాస్కో చేరింది. అక్కడి యూనివర్సిటీ చేర్చుకోలేదు. టోబోల్స్క్ వైపు పిల్లలు కజాన్‌లో చదవాలని రూలట.

"నాన్ లోకల్ అన్నమాట," అంది అమ్మ. ఎంసెట్ కౌన్సెలింగులు చూసిన మనిషికి ఇంకేం వివరించాలి?

చివరికి 1850లో పీటర్స్‌బర్గ్‌లో, తండ్రి చదివిన ఉపాధ్యాయ విద్యాసంస్థలోనే సీటొచ్చింది. ఆ ఏడాదే తల్లి పోయింది. 1887లో ద్రావణాల మీద రాసిన పుస్తకాన్ని ఆమెకే అంకితమిచ్చాడు.

నేను ఊరుకోకుండా, "మేమూ మీ చదువుల కోసమేగా ఇంత దూరం వచ్చింది," అన్నాను.

"అమ్మా, నువ్వు హెచ్1బీ మీద వచ్చావు. నేనప్పటికి పుట్టనే లేదు."

మా ఆయన ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా నవ్వాడు. నిజమే మరి. ఇక్కడి మనవాళ్లలో చాలామందిమి జీతం కోసం వచ్చాం, ఊళ్లో అప్పు తీర్చడానికి వచ్చాం, క్లాస్‌మేట్లందరూ ఫ్లైటెక్కుతుంటే మనమూ ఎక్కాం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ పిల్లలకి మార్కులు తగ్గినప్పుడల్లా "మీ కోసమే" అనడం నాకు ముందునుంచీ మింగుడుపడదు, నా నోటినుంచి వచ్చినా సరే. అడగని అప్పుకి వడ్డీ కట్టమన్నట్టుంటుంది. మరియా ఆ మాటంటే చెల్లుతుంది. మనం అంటే పిల్లలు పాస్‌పోర్టులో తేదీలు చూసి చెప్పేస్తారు.

ఈలోగా మా అమ్మాయి ఇప్పటి పట్టిక తెరిచింది. 101 మెండెలీవియం. 1955లో, అమెరికా రష్యాలు ఉప్పూ నిప్పూలా ఉన్న రోజుల్లో, మా ఇంటికి గంట దూరంలోని బర్కిలీలో తయారుచేసి, రష్యన్ పేరు పెట్టారు. 115 దగ్గర వేలు ఆగింది. మాస్కోవియం. దుబ్నా పరిశోధన కేంద్రం ఉన్న మాస్కో ప్రాంతం మీద 2016లో ఖాయం చేసిన పేరు.

"సీటివ్వని ఊరికి కూడా గడి ఇచ్చారా?" అంది. టోబోల్స్క్ పేరు ఎక్కడైనా ఉందేమోనని 118 దాకా వెతికింది. లేదు.