సమ్మెకు ఓటు వేసే ముందు

లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ బడుల ఉపాధ్యాయ సంఘం యూటీఎల్ఏ 2018 ఆగస్టులో సమ్మె విషయమై సభ్యుల ఓటు కోరినప్పుడు, నేను లెక్కల టీచరుగా ప్రొబేషన్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఆ దశలో ఉన్నవారిని కారణం చెప్పకుండానే మార్చి 15లోపు నోటీసు ఇచ్చి పంపేయడానికి కాలిఫోర్నియా చట్టం ఒప్పుకుంటుంది. పైగా నాది హెచ్-4 వీసా, అంటే హెచ్-1బీ మీద పనిచేసేవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది. 2015లో వచ్చిన నిబంధన పుణ్యమా అని దొరికిన వర్క్ పర్మిట్‌తో పనిచేస్తున్నాను. ఆ పర్మిట్లను రద్దు చేసే ఆలోచనలో ఉన్నామని ట్రంప్ ప్రభుత్వం అప్పటికే చెప్పి ఉంది. సమ్మె న్యాయమైనదా కాదా అన్న ప్రశ్న కంటే, నాలాంటి వాళ్లు సమ్మెలో నిలబడవచ్చా అన్న ప్రశ్నే నన్ను ఎక్కువగా వేధించింది.

గుంటూరు జిల్లాలో హెడ్‌మాస్టరుగా పనిచేస్తున్న మా అన్నయ్య ఫోనులో, "పరాయి దేశంలో మనకెందుకమ్మా ఈ గొడవ, సెలవు పెట్టి ఇంట్లో కూర్చో" అన్నాడు. ఆయన జంకును నేను తప్పుపట్టలేను. మన దగ్గర ఉపాధ్యాయుడు ప్రభుత్వోద్యోగి, నెత్తిన ప్రవర్తనా నియమావళి ఉంటుంది, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తమిళనాడు కేసులో తేల్చి చెప్పింది. కాలిఫోర్నియాలో మాత్రం 1975 నాటి చట్టం బడి ఉపాధ్యాయులకు సామూహిక బేరసారాల హక్కు ఇచ్చింది. చర్చలు తెగకపోతే ముందు మధ్యవర్తి, ఆ తర్వాత నిజనిర్ధారణ సంఘం. ఆ మెట్లన్నీ దాటాక చేసే సమ్మెలో పాల్గొన్నందుకు, ప్రొబేషన్‌లో ఉన్నవారితో సహా ఎవరి మీదా కక్ష సాధించకూడదు. జీతం మాత్రం రాదు. ఇవన్నీ సంఘం ప్రతినిధిని అడిగి, వీసా సంగతి లాయరు చేత చెప్పించుకుని రూఢి చేసుకున్నాకే నేను ఓటు వేశాను. ఓటేసినవారిలో 98 శాతం మంది సమ్మెకు సరేనన్నారు.

నన్ను ఆశ్చర్యపరిచింది డిమాండ్ల జాబితా. మన దగ్గర ఉపాధ్యాయుల ఆందోళన అనగానే పీఆర్సీ, డీఏ బకాయిలు, సీపీఎస్ రద్దు గుర్తొస్తాయి. అవి చిన్న విషయాలని నేను అనను. ఇక్కడ జీతంతో పాటు ప్రతి బడికీ వారంలో ఐదు రోజులూ నర్సు, హైస్కూళ్లలో లైబ్రేరియన్, పిల్లల గోడు వినే కౌన్సెలర్లు, తరగతిలో తక్కువ మంది పిల్లలు కావాలని అడిగారు. ఒప్పందంలో తరగతి పరిమాణానికి పరిమితి ఉన్నా, ఆర్థిక ఇబ్బందుల పేరుతో దాన్ని పక్కన పెట్టే వీలు స్కూల్ జిల్లాకు, అంటే నగరంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థకు, కల్పించే నిబంధన కూడా అందులోనే ఉండేది. నలభై దాటిన తరగతులు అందుకే అరుదు కాదు. బడులకు నిధులిచ్చే ఆస్తిపన్నుకు కళ్లెం వేస్తూ 1978లో ప్రజలు ఓటేసి తెచ్చిన ప్రొపొజిషన్ 13 తర్వాత ఆ రాష్ట్రంలో బడుల నిధులు ఎలా కుంచించుకుపోయాయో పాత టీచర్లు కథలు కథలుగా చెప్పేవారు. మంచి స్కూల్ జిల్లాలు వెతుక్కుని ఇళ్లు కొనుక్కున్న మన తెలుగు మిత్రులకు ఇదంతా వేరే లోకం వ్యవహారం. వారాంతపు విందుల్లో వాళ్లు "టీచర్లకు జీతాలు చాలట్లేదట" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు.

న్యాయస్థానంలో సమ్మె నోటీసు గడువు వివాదం వల్ల నాలుగు రోజులు వాయిదా పడి, 2019 జనవరి 14న సమ్మె మొదలైంది. 1989 తర్వాత ఆ నగరంలో ఉపాధ్యాయుల మొదటి సమ్మె అదే. ముప్పై వేలకు పైగా ఉపాధ్యాయులు బయటికి వచ్చారు, ఆ వారం చాలా రోజులు వాన. మధ్యాహ్న భోజనం కోసమే కొందరు పిల్లలు బడి లోపలికి వెళ్తుంటే గేటు బయట ప్లకార్డు పట్టుకుని నిలబడటం ఎంత ఇబ్బందికరమో ముందు నేను ఊహించలేదు.

ఆరు పని దినాల తర్వాత, మేయర్ ఎరిక్ గార్సెట్టి మధ్యవర్తిత్వంతో జనవరి 22న ఒప్పందం కుదిరింది. అంత పెద్ద పత్రాన్ని కొన్ని గంటల్లో చదివి అదే రోజు ఓటు వేయమనడం నాకు నచ్చలేదు, చాలామంది సహోద్యోగులకూ నచ్చలేదు. జీతంలో వచ్చిన ఆరు శాతం పెంపును సమ్మెకు ముందే స్కూల్ జిల్లా ఇవ్వజూపింది. కొత్తగా దక్కినవి నర్సులు, లైబ్రేరియన్లు, ఆ తప్పించుకునే నిబంధన తొలగింపు, మూడేళ్లలో తరగతికి నలుగురు పిల్లల తగ్గింపు. ఆరు రోజుల జీతం పోయింది వాటి కోసమే.