ప్లాంక్‌కు సెకన్లు కాదు, శ్వాసలే లెక్క

బెంగళూరు మారతహళ్ళి సమీపంలోని మా లేఅవుట్ మైదానంలో, తెలుగు కుటుంబాల పిల్లలు కొందరికి వారాంతాల్లో ఫుట్‌బాల్ నేర్పుతూ, దానితోపాటు శ్వాస మీద, పొట్ట–నడుము కండరాల బలం మీద చేయిస్తున్న సాధన ఈ వానాకాలానికి ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాసి పెడుతున్నాను. వీరందరూ 10 నుంచి 12 ఏళ్ల వారు.

మొదట్లో పిల్లలు నిమిషం ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా పలకలా తిన్నగా నిలపడం) కోసం పోటీ పడేవారు. దగ్గరగా గమనిస్తే చాలామంది ఊపిరి బిగబట్టి, నడుము కిందికి జార్చి నెట్టుకొస్తున్నారు. ఆటగాళ్లకు గాయాలు తగ్గేందుకు రూపొందించిన ఫిఫా '11+' వార్మప్‌లో, అదీ 14 ఏళ్లు పైబడినవారికి, ప్లాంక్ తొలి మెట్టు 20 నుంచి 30 సెకన్లే. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరం ఒక్క శ్వాసకే కాదు, పొట్ట లోపలి కండరాలతో, కటి అడుగు కండరాలతో కలిసి వెన్నును నిలబెట్టడానికి కూడా పనిచేస్తుంది. ఆటలో పరిగెత్తుతూ, ఎదుటివాడి భుజం తాకిడిని కాచుకుంటూ ఈ రెండు పనులూ ఒకేసారి జరగాలి కనుక, ఊపిరి ఆపి సాధించిన నిమిషం మైదానంలో అక్కరకు రాదని నా గట్టి అభిప్రాయం.

అందుకే ఇప్పుడు మకరాసనంతో మొదలుపెడుతున్నాం. బోర్లా పడుకుని నుదుటిని చేతుల మీద ఆన్చితే, గాలి పీల్చినప్పుడు పొట్ట చాపను నొక్కడం పిల్లలకే తెలుస్తుంది. తర్వాత డెడ్ బగ్: వెల్లకిలా పడుకుని, చేతులు, కాళ్లు పైకెత్తి, నెమ్మదిగా గాలి వదులుతూ ఒక పక్క చెయ్యి, రెండో పక్క కాలు దించాలి, నడుము చాప నుంచి లేస్తే కాలు అంత దూరం దించనివ్వను. చివర్లో ప్లాంక్, 5 నిండు శ్వాసలు. శ్వాస తెగితే అక్కడితో ఆపడమే. టిఫిన్ తిన్న రెండు గంటల లోపు ఇవేవీ చేయించను.

నెమ్మది జాగింగ్‌లో ముక్కుతోనే పీల్చమంటాను, వేగంగా పరిగెత్తేటప్పుడు నోరు తెరవక తప్పదు. పరుగు తర్వాత మోకాళ్లపై చేతులు ఆన్చి వంగే పిల్లలను కొందరు పెద్దలు మందలిస్తారు గానీ, ఆ భంగిమలో డయాఫ్రం పని తేలికవుతుంది, కాబట్టి నేను వద్దనను.

ఇప్పుడు చాలామంది బంతిని కాచుకునేటప్పుడు మునుపటిలా తూలిపోవడం లేదు. ఒక పాపకు మాత్రం పరుగు ఆగాక దగ్గు విడవకుండా వస్తోంది. ఆటతో రేగే ఆస్తమా ఉందేమో చూపించమని వాళ్ల అమ్మగారికి చెప్పాను; డాక్టరు సరేననే వరకు ఆమెకు పరుగులు లేవు, మకరాసనం మాత్రమే. మిగిలినవారికి వచ్చే నెల నుంచి సైడ్ ప్లాంక్, మోకాలు నేలకు ఆన్చి.