టెక్సస్ పల్లె రోడ్డు పక్కన చరిత్ర మార్కర్ పెట్టించడం: నా అనుభవం

డాలస్ నుంచి గానీ హ్యూస్టన్ నుంచి గానీ తూర్పు టెక్సస్ పల్లెల్లోకి వెళ్తుంటే రోడ్డు వారన నలుపు రంగు మీద వెండి రంగు అక్షరాలున్న లోహపు ఫలకాలు కనిపిస్తుంటాయి. రాష్ట్రం మొత్తమ్మీద ఇలాంటివి 16,000 పైచిలుకు. రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో కూర్చున్న అధికారులు ఊరూరూ తిరిగి వీటిని పాతించారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం ఆయా కౌంటీల్లోని (మన జిల్లాల్లాంటివి) మామూలు జనం కాగితాలు కూర్చి, డబ్బు కట్టి పెట్టించుకున్నవే. మా కౌంటీలో ఒక రోజెన్‌వాల్డ్ బడి స్థలానికి మార్కర్ తెచ్చే పనిలో నేను మొదటి నుంచి చివరిదాకా ఉన్నాను. ఇంకెవరైనా ఇలాంటి పనికి దిగితే ఏది ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ బడుల సంగతి. టస్కేగీ విద్యాసంస్థను నడిపిన బుకర్ టి. వాషింగ్టన్, సియర్స్ రోబక్ కంపెనీ అధినేత జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి మొదలుపెట్టిన పథకం కింద 1912 నుంచి 1932 దాకా దక్షిణాదిలోని 15 రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం 5,300కి పైగా కట్టడాలు లేచాయి. బడులు, టీచర్ల ఇళ్లు, వృత్తివిద్య షెడ్లు అన్నీ కలిపి టెక్సస్ వాటా 527. రోజెన్‌వాల్డ్ నిధి ఖర్చు మొత్తం భరించలేదు. ఊరివాళ్లు కూడా తమ వంతు వేసుకోవాలన్నది షరతు. రాష్ట్రాలన్నిటి లెక్క కలిపి చూస్తే నిధి ఇచ్చినదానికన్నా ఆ పేద ఊళ్లు పోగుచేసిన డబ్బే ఎక్కువ. టెక్సస్‌లో 1949 నాటి గిల్మర్-ఐకిన్ చట్టాల తర్వాత చిన్న బడి డిస్ట్రిక్టులు చాలా వరకు పెద్దవాటిలో కలిసిపోయాయి, పల్లె బడులు మూతపడ్డాయి. బ్రజోరియా కౌంటీలోని కొలంబియా రోజెన్‌వాల్డ్ బడి ఎండుగడ్డి దాచే కొట్టంగా మారాక కూడా బతికి బయటపడింది. మా కౌంటీ బడికి ఇటుక దిమ్మెలు మాత్రమే మిగిలాయి.

కట్టడం లేకపోయినా మార్కర్ అడగవచ్చు. చరిత్ర సంరక్షణ చూసే రాష్ట్ర సంస్థ టెక్సస్ హిస్టారికల్ కమిషన్ ఇచ్చే వాటిలో ప్రధానంగా మూడు రకాలు. ఒక విషయాన్నో, ఊరినో, మనిషినో, సంఘటననో చెప్పే సబ్జెక్ట్ మార్కర్ మొదటిది. నిలిచి ఉన్న పాత కట్టడానికి ఇచ్చే ల్యాండ్‌మార్క్ హోదా రెండోది. మూడోది శ్మశానాలది, దానికి ముందుగా చారిత్రక శ్మశానం అన్న గుర్తింపు తీసుకుని, ఆ పత్రాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించాలి. కట్టడం పోయిన బడికి మొదటి రకమే దారి. దీనివల్ల ఆ స్థలానికి చట్టపరమైన రక్షణ ఏమీ రాదు. ఈ సంగతి భూమి యజమానికి మొదటి రోజే చెప్పండి. తన పొలం ప్రభుత్వం గుప్పిట్లోకి పోతుందన్న భయంతోనే చాలామంది సంతకం పెట్టరు.

కాలపరిమితి కూడా ముందే చూసుకోవాలి. మామూలు విషయాలకు కనీసం 50 ఏళ్లు నిండాలి. చారిత్రక సంఘటనకైతే 30 ఏళ్లు చాలు. వ్యక్తి గురించైతే ఆయన చనిపోయి 10 ఏళ్లు దాటాలి.

దరఖాస్తు నేరుగా ఆస్టిన్‌కు పంపితే తీసుకోరు. కౌంటీ హిస్టారికల్ కమిషన్ చూసి, సరేనని పైకి పంపాలి. టెక్సస్‌లోని 254 కౌంటీల్లో ఈ సంఘాలకు సభ్యులను కమిషనర్స్ కోర్టు బేసి సంవత్సరాల జనవరిలో రెండేళ్ల కాలానికి నియమిస్తుంది. పేరుకు కోర్టే గానీ అది కౌంటీ పాలకమండలి. పల్లె కౌంటీల్లో ఈ సంఘానికి మనుషులు దొరకడమే కష్టం, దాదాపు అందరూ పెద్దవయసువాళ్లే. మనవాళ్లు ఎవరైనా ఆసక్తితో వెళ్తే సంతోషంగా చేర్చుకుంటారు, ఇది నేను చూసిన మాట. కాగితం ముక్క రాయకముందే వాళ్ల సమావేశానికి వెళ్లి విషయం చెప్పండి. అదే విషయం మీద మార్కర్ ఇదివరకే ఉందేమో రాష్ట్ర కమిషన్ వాళ్ల ఆన్‌లైన్ అట్లాస్‌లో వెతకండి. పేరుతో వెతికి ఊరుకోకుండా కౌంటీ మొత్తం జాబితా తెరిచి చదవాలి, ఎందుకంటే బడి చరిత్ర ఒక్కోసారి పక్కనున్న చర్చి మార్కర్‌లో రెండు వాక్యాలుగా దూరి ఉంటుంది.

ఇక అసలు పని ఆధారాలు. మార్కర్ వచ్చేదీ పోయేదీ ఇక్కడే తేలుతుంది.

రోజెన్‌వాల్డ్ బడులకు మొదట చూడాల్సింది నాష్‌విల్‌లోని ఫిస్క్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టిన కార్డులు. ఒక్కో కట్టడానికి ఒక్కో కార్డు: కౌంటీ, ఎంతమంది టీచర్ల బడి, ఎన్ని ఎకరాల స్థలం, మొత్తం ఖర్చు, అందులో నల్లజాతివారు ఎంత, తెల్లవారు ఎంత, ప్రభుత్వ సొమ్ము ఎంత, నిధి ఎంత. చాలా కార్డులకు ఫొటో కూడా ఉంటుంది. ఇక్కడ తడబడేది పేరు దగ్గర. ఊళ్లో జనం పిలిచే పేరొకటి, కార్డులో ఉన్న పేరొకటి. అందుకే టీచర్ల సంఖ్య, ఎకరాలు, కట్టిన ఏడాది మూడూ వేరే కాగితాలతో సరిపోలితేనే అది మన బడి అని రాయాలి.

తర్వాత కౌంటీ క్లర్క్ ఆఫీసులో దస్తావేజుల గది. అమ్మినవారి పేర్ల సూచిక, కొన్నవారి పేర్ల సూచిక విడివిడిగా ఉంటాయి. బడి పేరుతో వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. ఆ రోజుల్లో బడి స్థలాన్ని చాలాచోట్ల అప్పటి కౌంటీ జడ్జి (కౌంటీ పాలకమండలి అధ్యక్షుడు) పేర, 'ఆయన తర్వాత ఆ పదవిలోకి వచ్చేవారికి' అని రాసి ఇచ్చేవారు. కొన్నిచోట్ల ట్రస్టీల పేర్ల మీద ఉంటుంది. కాబట్టి ముందు ఆ కాలపు కౌంటీ జడ్జిల పేర్లు రాసుకుని వాటితో వెతకాలి. దస్తావేజులో పొడవులు 'వారా' (vara) అనే పాత స్పానిష్ కొలతలో ఉంటే కంగారుపడొద్దు. టెక్సస్ వారా 33⅓ అంగుళాలు, మన గజం కన్నా కాస్త పొట్టి. ఎకరానికి సుమారు 5,645 చదరపు వారాలు. అంటే రెండెకరాల బడి స్థలం నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 106 వారాలు. 'ఫలానా ఓక్ చెట్టు దగ్గర మొదలై' అని రాసిన చెట్టు ఇప్పుడుండదు గానీ, ఆ భూమిని మొదట కొలిచినప్పుడు పెట్టిన సర్వే పేరు మారదు. దాన్ని పట్టుకుని రాష్ట్ర భూముల రికార్డులుండే జనరల్ ల్యాండ్ ఆఫీసు పటంలో చోటు గుర్తించవచ్చు. రాష్ట్ర హైవే శాఖ 1930ల చివర్లో గీసిన కౌంటీ పటాల్లో పల్లె బడులు, చర్చీలు గుర్తులతో సహా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే స్థలం గురించి వాదన ఉండదు.

జనాభా లెక్కల్లో రెండు గండ్లు ఉన్నాయి. 1850, 1860 లెక్కల్లో బానిసలుగా ఉన్నవారికి దాదాపు ఎక్కడా పేర్లు లేవు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు లాంటి వివరాలే. వాళ్లలో అత్యధికులు పేర్లతో కనిపించేది 1870లోనే. ఆపైన 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదం దెబ్బకు దాదాపు మొత్తం పోయాయి. అందుకని 1880, 1900 మధ్య కుటుంబాలు ఎటు కదిలాయో చూపడానికి పన్ను జాబితాలు, పెళ్లి రికార్డులు కావాలి. స్థానిక తెల్లవారి పత్రికల్లో నల్లజాతి బడి వార్తలు అరుదు. వచ్చినా రెండు మూడు లైన్లే. నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం వారి పోర్టల్ టు టెక్సస్ హిస్టరీలో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. అందులో నల్లజాతివారి పత్రిక 'డాలస్ ఎక్స్‌ప్రెస్' 1919 నుంచి 1924 దాకా సంచికలున్నాయి, పల్లెల నుంచి వచ్చిన చిన్న కబుర్లతో సహా. ఆ బడిలో చదివిన పెద్దల మాటలు తప్పక రికార్డు చేయండి. తేదీ, చోటు, మాట్లాడినవారి పేరు రాసుకోండి. వాళ్ల జ్ఞాపకం పొయ్యి ఎక్కడుండేదో, మధ్యాహ్నం ఏం తినేవారో చెబుతుంది. బడి ఏ ఏడాది కట్టారన్నది మాత్రం కాగితంతోనే నిలబడుతుంది.

చరిత్ర వ్యాసం ఐదు నుంచి పది పేజీలు చాలు. నేపథ్యం, విషయం, ప్రాముఖ్యం, ఆధారాలు అన్న నాలుగు భాగాలుగా అడుగుతారు. ప్రతి వాస్తవానికీ ఫుట్‌నోట్ ఉండాలి. దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది మూడో భాగం వల్ల. ట్రస్టీల పేర్లు, టీచర్ల పేర్లు వరసగా రాసి వదిలేస్తే అది జాబితా అవుతుంది. ఊరివాళ్లు బడికోసం పెట్టుకున్న సొమ్ము ఎంత, అదే ఏడాది కౌంటీ తెల్లవారి బడికి పెట్టింది ఎంత అని కార్డునీ కమిషనర్స్ కోర్టు మినిట్స్‌నీ పక్కన పెట్టి చూపిస్తే ప్రాముఖ్యం దానంతట అదే తెలుస్తుంది. కట్టడం నమూనా గుర్తుపట్టగలిగితే ఇంకా మంచిది. ఇద్దరు టీచర్ల బడికి నిధి ఇచ్చిన 20వ నంబరు ప్లాను తూర్పుకో పడమరకో మాత్రమే ముఖం పెట్టాలి. ఉత్తర దక్షిణాలకైతే 20-ఎ. కరెంటు లేని గదుల్లో పిల్లల రాతబల్లల మీద వెలుతురు సరిగ్గా పడటానికి అంత పట్టింపు. 'కౌంటీలో మొట్టమొదటిది', 'ఏకైక' లాంటి మాటలకు గట్టి రుజువు లేకపోతే తీసేయండి. అలాంటి ఒక్క మాట మిగతా పేజీల మీద కూడా అనుమానం పుట్టిస్తుంది.

దరఖాస్తులు ఏడాది పొడవునా తీసుకోరు. ఈమధ్య సంవత్సరాల్లో గడువు మార్చి 1 నుంచి మే 15. కౌంటీ సంఘం చదవడానికి కనీసం రెండు నెలలు ముందు ఇవ్వాలి, వాళ్లు నెలకో రెణ్ణెల్లకో ఒకసారి కలుస్తారు మరి. దరఖాస్తు రుసుం 100 డాలర్లు. ఆమోదం వచ్చాక ఫలకం డబ్బు కట్టాలి: స్తంభంతో సహా 27 బై 42 అంగుళాలది పెద్దది, 18 బై 28ది చిన్నది. పెద్దదానికి రెండు వేల డాలర్ల దరిదాపు అనుకుని చందాలు పోగుచేయండి, అసలు ధర ఆ ఏడాది పట్టికలో చూసుకోండి. డబ్బు కూడదీసుకోలేని ఊళ్లకు ఒక దారి ఉంది. ఈ దరఖాస్తు రుసుముల నుంచే, మరుగునపడిన చరిత్రలకు రాష్ట్ర కమిషన్ ఏటా కొన్ని మార్కర్లు తన ఖర్చుతో ఇస్తుంది. రోజెన్‌వాల్డ్ బడులు, విముక్తి పొందిన బానిసలు కట్టుకున్న ఊళ్లు దానికి సరిగ్గా సరిపోతాయి. పోటీ గట్టిగా ఉంటుంది.

ఫలకం మీద పాఠం మనం రాయం. కమిషన్ చరిత్రకారులు మన వ్యాసం నుంచి తయారుచేసి చిత్తుప్రతి పంపుతారు. దాన్ని ఇద్దరు విడివిడిగా, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు మూలపత్రం చూస్తూ సరిచూడాలి. ఇంటిపేర్ల స్పెల్లింగు, మధ్యపేరు పొడి అక్షరాలు, సంవత్సరాలు ఒకటికి రెండుసార్లు చూడండి. అల్యూమినియం పోత పోశాక అక్షరం మార్చాలంటే మళ్లీ డబ్బు, మళ్లీ నిరీక్షణ. ఫలకం చేతికి రాకముందు ఆవిష్కరణ సభ తేదీ ప్రకటించొద్దు. దూరాల నుంచి వచ్చే వృద్ధులు విమానం టికెట్లు కొనుక్కుంటారు.

ఎక్కడ పాతాలన్నది రోడ్డును బట్టి ఉంటుంది. ఫార్మ్ టు మార్కెట్ రోడ్డు పల్లె రోడ్డులా కనిపించినా రాష్ట్రానిదే, దాని హద్దులో పెట్టడానికి రాష్ట్ర రవాణా శాఖ జిల్లా ఆఫీసు అనుమతి కావాలి. కౌంటీ రోడ్డైతే కమిషనర్స్ కోర్టు. ప్రైవేటు స్థలమైతే యజమాని రాతపూర్వక అంగీకారం. కారు ఆపడానికి చోటు లేని మలుపులో మార్కర్ ఎవరూ చదవరు. బడి ఉన్న చోటికి అర మైలు దూరమైనా, చర్చి ముంగిట్లాంటి వెడల్పైన చోటే మేలని నా అభిప్రాయం. అసలు స్థలం ఎటు ఎంత దూరమో పాఠంలోనే రాయించవచ్చు.

మన చేతుల మీదుగా పాతేటప్పుడు తవ్వకానికి కనీసం 48 గంటల ముందు 811కి ఫోను చేయాలి, భూమిలో ఉన్న గ్యాసు, కేబుల్ లైన్లు వచ్చి గుర్తుపెట్టి వెళ్తారు. 12 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల లోతు గుంతకు 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు నాలుగు తెచ్చుకోండి. అడుగున నాలుగంగుళాల కంకర వేస్తే నీరు నిలవదు. స్తంభాన్ని రెండు వైపులా మట్టంతో చూసి, కర్రలతో ఆనించి, కాంక్రీటు గట్టిపడేదాకా వదిలేయాలి. బరువైన ఫలకం అదే రోజు ఎక్కిస్తే మెల్లగా ఒక పక్కకి వాలుతుంది. బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు చీలుతుంది కాబట్టి కాంక్రీటు పైభాగం నేలకన్నా కాస్త ఎత్తుగా, చుట్టూ వాలుగా తీర్చాలి.

కడగడానికి గిన్నెల సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఇనుప బ్రష్, ప్రెషర్ వాషర్ పెడితే రంగు లేచిపోతుంది. గడ్డి కోసే యంత్రాలు స్తంభానికి తగలకుండా చుట్టూ రెండడుగుల మేర కంకర పరిచి, పాతిన చోటి జీపీఎస్ అంకెలు, దూరం నుంచీ దగ్గర నుంచీ తీసిన ఫొటోలు కౌంటీ సంఘానికి ఇచ్చి, అట్లాస్‌లో పడిన చోటు దానితో సరిపోయిందో లేదో చూడండి. తేడా ఉంటే వెంటనే రాసి సరిచేయించాలి, ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆ పటం చూసే వస్తారు.