సామాను పట్టీలో చివరి వస్తువు: నా అనుభవం

రాత్రి గస్తీకి వెళ్లిన మా నౌక హెలికాప్టర్ సముద్రంలో పడిపోయి, గాలింపు కూడా నిలిపివేసిన తరువాత, అందులో గల్లంతైన క్రూమన్ సామాను పట్టీ రాసే పని నాకు అప్పగించారు. పైలట్లిద్దరూ బయటపడ్డారు, వెనుక కేబిన్‌లో ఉన్న అతను మాత్రం రాలేదు. ఇంజిన్లూ గేర్‌బాక్సూ పైభాగంలో ఉండడం వల్ల నీటిలో పడిన హెలికాప్టర్ చాలాసార్లు తలకిందులవుతుందనీ, ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని, కుదుపు ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తరువాతే బెల్టు విప్పాలనీ శిక్షణ కొలనులో కుర్రవాళ్లకు నేర్పినవాళ్లలో అతనూ ఒకడు. అందుకే కాబోలు, మెస్‌లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

నియమం సులువైనదే. ఇద్దరు కలిసి లాకర్ తెరిచి, ప్రతి వస్తువునూ రాసి, సంతకాలు పెట్టి, సొంతవి ఇంటికీ నౌకాదళం ఇచ్చినవి స్టోర్స్‌కూ పంపాలి. కష్టమైనది రెండో పని: పట్టీతోపాటు వాళ్ల అమ్మగారికి సహచరుల మాటలు కూడా రాసి పంపమన్నారు కెప్టెన్ గారు.

కాగితం పట్టుకుని తిరిగితే మొదటి రోజు అందరూ "చాలా మంచివాడు" అన్నారు. ఆ మాట రాయడం మానేశాను. ఆవిడకు అది మేము చెప్పాలా? మర్నాడు అతనేం చేసేవాడో చెప్పమని అడిగాను. తన పని కాకపోయినా, దిగిన వెంటనే ఉప్పు కడగడానికి మంచినీటి గొట్టం అందుకునేవాడని డెక్ మీది కుర్రాడు చెప్పాడు. నీళ్లలో ఉన్నవాళ్లను పైకి లాగడానికి హెలికాప్టర్ నుంచి ఉక్కు తాడుతో దింపే హుక్ నీళ్లను తాకకముందే చెయ్యి చాచినందుకు శిక్షణలో తనను అందరి ముందూ తిట్టాడని ఇంకొకడు చెప్పాడు. హెలికాప్టర్‌లో పేరుకున్న స్థిరవిద్యుత్తు ముందుగా నీటిలోకి పోకపోతే, హుక్ పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది. "ఆ తిట్టు కూడా రాయండి" అన్నాడు వాడు. రాశాను.

పైలట్ దగ్గరికి చివర వెళ్లాను. హెలికాప్టర్‌ను గాలిలో నిలిపి ఉంచినప్పుడు, కింద నీళ్లలో ఉన్న మనిషి పైలట్‌కు కనిపించడు. తలుపు దగ్గర పడుకుని, ఉక్కు తాడును చేత్తో పట్టి చూస్తూ, దూరం లెక్కపెట్టి చెప్పే క్రూమన్ గొంతే అతనికి కళ్లు. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న ఆయన, ఆ మాటలు అతని యాసలోనే వినిపించారు: "ముందుకు పది... అయిదు... మూడు... రెండు... ఆపండి." గాలి ఎంత ఎగదోస్తున్నా "రెండు" అనే మాట ఒకే స్థాయిలో వచ్చేదట. ఉత్తరంలో దీనికే ఒక పేజీ ఇచ్చాను.

పట్టీలో చివరగా మిగిలింది ఒక పాత తోలు చేతిదొడుగు. తాడు రాసుకుని అరచేతి మధ్య తోలు నల్లగా, నున్నగా అరిగి, బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది. అది నౌకాదళానిదే కనుక స్టోర్స్ వరుసలో రాసి తీసుకెళ్లాను. స్టోర్స్ పెద్దాయన దాన్ని తిప్పి చూసి, రిజిస్టరులో "అరిగిపోయినది, పనికిరాదు" అని రాసి, సంతకం చేసి, ఇంటికి వెళ్లే పెట్టెలో ఆయనే పెట్టారు.